డ్రైవరు కొన్న చేపల టీవీ

ముప్పై ఒక్క ఏళ్ళు ఒకే రూటులో బస్సు నడిపిన మనిషికి రిటైరయ్యాక మిగిలేవి రెండే: పింఛను, నడుం నొప్పి. మన డ్రైవరుకు మూడోది కూడా మిగిలింది. బెల్లు. ఒక బెల్లు వినపడితే ఆగాలి, రెండు వినపడితే కదలాలి. ఇది ఆయన బుర్రలో లేదు, కాళ్ళలో చేతుల్లో ఉంది. ఇప్పటికీ వీధిలో వెనకనుంచి ఎవరైనా సైకిలు గంట ఒక్కసారి మోగిస్తే చాలు, నడుస్తున్నవాడు నడుస్తున్నచోటే నిలబడిపోతాడు. రెండుసార్లు మోగితే తప్ప కదలడు. తప్పుకోమని గంట కొట్టిన సైకిలువాడు తల పట్టుకుంటాడు. కూరగాయల సంచీతో నాలుగడుగులు ముందుకు వెళ్ళిపోయిన భార్య వెనక్కి తిరిగి, "ఇక్కడ స్టాపు లేదు గానీ, రండి" అంటుంది.

ఆ ముప్పై ఒక్క ఏళ్ళలో ఇరవై అయిదేళ్ళు ఆయన వెనక బెల్లు కొట్టింది ఒకే ఒక్క కండక్టరు. ఎలాంటి కండక్టరనుకున్నారు? మనిషి ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. బస్సెక్కినవాడి మొహం చూసి, వీడు టికెట్టు తీసుకుంటాడో, తీసుకున్నట్టు నటిస్తాడో చెప్పేసేవాడు. డ్యూటీలో ఆయనకు కనపడని మొహం డ్రైవరుది ఒక్కటే. అక్కడ ఎప్పుడూ వీపే. రెండేళ్ళు ఆ వీపు చూశాక, ఒకరోజు డిపో క్యాంటీనులో టీ తాగుతూ, "మా చెల్లెలుంది, చేసుకుంటావా?" అని అడిగాడు. నాలో ఏం చూసి ఇస్తున్నావయ్యా అంటే, "మొహాలు అబద్ధాలు చెబుతాయి, వీపులు చెప్పవు" అన్నాడు. అలా కండక్టరు కాస్తా బావ అయ్యాడు. ఆ రోజునుంచి బస్సులో ముందునుంచి ఒక 'బావా', వెనకనుంచి ఒక 'బావా'. రోజూ ఎక్కే ప్రయాణికుల్లో సగం మందికి వాళ్ళ అసలు పేర్లే తెలియవు.

రిటైరయ్యాక ఇద్దరూ కలిసి చెరిసగం వేసుకుని ఒక చిన్న ఫైబరు పడవ కొన్నారు. ఊరి చివర రిజర్వాయరులో ఆదివారం పొద్దున చేపలు పట్టడానికి. అమ్ముకోవడానికి కాదు, సరదాకి. పట్టినవాటిలో సగం మళ్ళీ నీళ్ళలోకే వదిలేసేవాళ్ళు. పడవలు చాలామందికి ఉంటాయి గానీ ఇలాంటి పడవ ఇంకొకటి ఉండదు. ముందు భాగంలో డిపో తుక్కులో కొన్న బస్సు సీటు, దానికెదురుగా బస్సు స్టీరింగు, అక్కణ్ణించి తీగలు లాగి వెనకున్న చిన్న మోటారుకు కలిపారు. వెనక ఇంకో సీటు, పక్కనే తాడుతో సహా పాత బస్సు బెల్లు. ముందు డ్రైవరు, వెనక కండక్టరు. ఇంకెలా కూర్చుంటారు మరి?

కండక్టరు చేతిలో ఇంకో పొడుగాటి తాడు ఉండేది. చివర సీసం గుండు, బారకొక ముడి. దాన్ని నీళ్ళలోకి వదిలి, ముడులు లెక్కపెట్టి లోతు చెప్పేవాడు. రిజర్వాయరు అడుగంతా ఆయనకు కంఠతా వచ్చేసింది. మునిగిన చెట్టు ఒక స్టేజీ, రాతి మెట్టు ఒక స్టేజీ, బురద గుంట ఒక స్టేజీ. ఒక బెల్లు కొట్టి, "రాతి మెట్టు, నాలుగు బారలు, దిగేవాళ్ళు దిగాలి" అనేవాడు. పడవ ఆగేది. ఇద్దరూ గాలాలు దింపేవాళ్ళు. చేపలు కూడా టైముకి స్టాపులో నిలబడి ఉండేవి. మూడేళ్ళు కడుపులో చల్ల కదలకుండా గడిచిపోయాయి.

అలాంటిది కిందటి వేసవిలో నీళ్ళు తీసేసి పూడిక తవ్వారు. పెద్ద పెద్ద యంత్రాలు రెండు నెలలపాటు అడుగంతా కెలికి పోశాయి. మళ్ళీ నీళ్ళు నిండాక చూస్తే పైన రిజర్వాయరు అదే, కింద ఊరే మారిపోయింది. మునిగిన చెట్టు లేదు, మెట్టు లేదు, గుంట ఎక్కడికో జరిగింది. వరసగా ఏడు ఆదివారాలు ఒక్క చేప పడలేదు. గట్టు మీద పొద్దున్నే చేరే ముసలి బృందం, "ఏమయ్యా, ఇవాళ కూడా బస్సు ఖాళీయేనా?" అని పలకరించడం మొదలుపెట్టింది.

చేపలు పడకపోవడం డ్రైవరుకు పెద్ద బాధ కాదు. ఆయన్ని కోసింది ఏడో ఆదివారం జరిగిన ఇంకో సంగతి. బావ వెనకనుంచి "రాతి మెట్టు, నాలుగు బారలు" అన్నాడు. తాడు పడవ అంచు మీంచి జారేటప్పుడు ముడి ముడికీ టక్కుమంటుంది కదా, డ్రైవరు చెవులు వాటంతటవే ఆ టక్కులు లెక్కపెట్టాయి. ఏడు. నాలుగు కాదు, ఏడు. పాతికేళ్ళలో అర టికెట్టు తప్పు కొట్టని మనిషి, తన స్టాపులు పోయాయని ఒప్పుకోలేక అబద్ధం చెప్పాడు. నీ లెక్క తప్పింది బావా అని ఏ నోటితో అంటాడు? ఆ మాట తను అనేకంటే ఏదన్నా మిషను చేత అనిపిస్తే సరిపోతుంది కదా అనుకున్నాడు. ఉద్దేశం మంచిదే. మంచి ఉద్దేశంతో చేసే తెలివితక్కువ పనులకు లోకంలో కొదవేముంది?

గాలాల షాపు నడిపేది ఒక పెద్దావిడ. ముక్కు మీద కళ్ళజోడు, చేతిలో ఎప్పుడూ ఎవరిదో ఒకరిది చిక్కుపడ్డ గాలం దారం. బావాబావమరుదులిద్దరూ ఆవిడకు బాగా తెలిసినవాళ్ళే. నీళ్ళకింద చేపల్నీ లోతునీ చూపించే ఫిష్ ఫైండర్ కావాలని డ్రైవరు అడగగానే ఆవిడ మిషను తీయలేదు, ప్రశ్నలు మొదలుపెట్టింది.

"నీళ్ళు ఎంత లోతుంటాయి?"

"ఇదివరకు అయిదారు బారలు. ఇప్పుడు తవ్వారుగా, పదుంటుందేమో."

"ఎంతలో చూపించమంటారు?"

"పింఛను మనిషినమ్మా. ఇంట్లో తెలిసినా పెద్ద గొడవ కానంతలో."

"అది మీ ఆవిణ్ణి అడిగి చెప్పాల్సిన మాట" అని నవ్వి, మూడు పెట్టెలు తెచ్చి ముందు పెట్టింది.

మొదటిది పెద్ద రంగుల తెర. నీళ్ళకింద వెయ్యి అడుగులు చూస్తుందట, వచ్చిన దారి గుర్తుపెట్టుకుంటుందట, మ్యాపు కూడా గీస్తుందట. డ్రైవరు చెయ్యి సరాసరి దానిమీదికే పోయింది. ఆవిడ మెల్లగా పెట్టె వెనక్కి లాగింది. "వెయ్యి అడుగులు చూసే మిషను మీకెందుకండీ? మన రిజర్వాయరు అంత లోతు కావాలంటే ఇంకో వందేళ్ళు తవ్వాలి. పైగా దీనికి కారు బ్యాటరీ అంత బ్యాటరీ మోసుకెళ్ళాలి. మీరు మెట్లెక్కి వచ్చిన తీరు చూశాను, మీ నడుం ఒప్పుకోదు."

రెండోది ఒక బంతి. దారానికి కట్టి నీళ్ళలోకి విసిరితే బొమ్మ ఫోనులోకి వస్తుందట. ధర కూడా అందుబాటులోనే ఉంది. "గట్టు మీంచి పట్టేవాళ్ళకు ఇది బాగుంటుంది. మీరు పడవలో ఉంటారు. ఎండలో ఫోను తెర కనపడదు, చేతులేమో తడి. జారిందంటే ఫోను కూడా చేపల్లో కలిసిపోతుంది" అంది ఆవిడ. డ్రైవరు జేబులోంచి తన ఫోను తీసి చూసుకున్నాడు. దాని తెర అప్పటికే నాలుగుచోట్ల పగిలి ఉంది. ఆ బంతిని ఆయనే వెనక్కి తోశాడు.

మూడోది అరచేతిలో పట్టే డబ్బా. నలుపు తెలుపే. నాలుగు చిన్న బ్యాటరీలు, ఒక తీగ, తీగ చివర నీళ్ళలోకి దింపే సెన్సరు. "చూడ్డానికి బీదగా ఉంటుంది. కానీ ఎండలో నలుపు తెలుపే నిలుస్తుంది. సెన్సరు వెడల్పుగా చూస్తుంది, లోతు తక్కువ నీళ్ళకు కావలసింది అదే. చేప కనిపిస్తే ఒక బీపు, గుంపు కనిపిస్తే రెండు. రంగులకీ మ్యాపులకీ డబ్బు పోయకండి. అవి చేపల్ని పట్టవు, మనల్ని పడతాయి."

ఆ మాట డ్రైవరుకు నచ్చింది. డబ్బా కాగితంలో చుడుతూ ఆవిడ ఇంకో రెండు ప్రశ్నలు అడిగింది.

"తెర చూసేదెవరు?"

"నేనే."

"పడవ నడిపేదీ మీరేగా. ఒక మనిషి చూడాలి, ఒక మనిషి నడపాలి. మరి మీ వెనక కూర్చునే ఆయన ఏం చేస్తారు?"

డ్రైవరు నీళ్ళు నమిలాడు. "ఆయన చేపలు పడతారు" అని చెప్పి, పెట్టె చంకలో పెట్టుకుని బయటపడ్డాడు.

బుధవారం కొన్న ఆ పెట్టెను బీరువాలో చలికాలం దుప్పట్ల వెనక దాచాడు. ఆయన దాచడమంటే పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమే. గంట తిరక్కుండా భార్య దాన్ని తెచ్చి బల్లమీద పెట్టి, అట్టమీది బొమ్మ చూసి, "ఏమిటీ చేపల టీవీ?" అంది. ఆయన మొత్తం చెప్పేశాడు. అడక్కుండానే ధర కూడా చెప్పేశాడు. ఆవిడ ధర గురించి నోరు మెదపలేదు. అప్పుడు వేసింది ఆయనకు భయం.

"మా అన్నయ్యకు చెప్పారా?"

"ఆదివారం చూస్తాడుగా. సర్‌ప్రైజు."

"మా అన్నయ్యకు సర్‌ప్రైజులు పడవండీ. ఇదివరకు మీరొకటి ఇచ్చారుగా, గుర్తులేదా?"

గుర్తులేకపోవడమేం. పదేళ్ళ కిందటి మాట. డిపోలో ప్రతి డ్రైవరు పక్కనా టికెట్ల మిషను బిగించి, కండక్టర్లను బస్సు దింపేశారు. దానికి ముందు డ్రైవర్లకు వారం రోజులు ట్రైనింగు. ఆ వారమంతా సాయంత్రాలు మిషను నేర్చుకుని, పొద్దున్నే బావతో కలిసి డ్యూటీ ఎక్కి, ఒక్క ముక్క చెప్పలేదు మన డ్రైవరు. చెప్పడానికి నోరు రాలేదు. సోమవారం నోటీసు బోర్డు చూసి తెలుసుకున్నాడు కండక్టరు. ఆఖరి ఆరేళ్ళూ ఆయన్ని ప్రయాణికులు బస్సుల్లో మరచిపోయిన సామాన్లుండే గదిలో కూర్చోబెట్టారు, గొడుగులకు కాపలాగా. ఆయన బావను పల్లెత్తు మాట అనలేదు. అనలేదు కాబట్టి మరచిపోయాడనుకున్నాడు డ్రైవరు. ఎంత తేలిక చూడండి.

"అది వేరు, ఇది వేరు. ఇది చేపలదే" అన్నాడు.

"మీ ఇష్టం" అంది ఆవిడ. ఆ మాటకు అర్థమేమిటో పెళ్ళయిన మగవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

ఆదివారం పొద్దున రేవులో కండక్టరు ఎప్పట్లాగే ముందొచ్చి, ఎర డబ్బా, టీ ఫ్లాస్కు పడవలో పెట్టుకుని, వెనక సీటులో సర్దుకుంటున్నాడు. డ్రైవరు తన సీటు పక్కన చేపల టీవీ బిగించి, సెన్సరు నీళ్ళలోకి వదిలాడు. అది వెంటనే ఒక బీపు కొట్టింది.

"ఏమిటది?" అన్నాడు కండక్టరు.

"చేపలెక్కడున్నాయో చూపిస్తుంది బావా. లోతు కూడా చెబుతుంది."

"లోతు కూడా."

"అంకెలతో సహా."

"ఎప్పుడు కొన్నావు?"

"బుధవారం."

"ఇవాళ ఆదివారం" అన్నాడు కండక్టరు. ముడుల తాడు నెమ్మదిగా చుట్ట చుట్టి చేతిలోకి తీసుకున్నాడు. ఫ్లాస్కు తీసుకున్నాడు. పడవ దిగి రేవు మెట్టు మీద నిలబడి, "మిషనున్న బండికి కండక్టరెందుకు, పోనీ" అని, చెయ్యి చాచి బెల్లు తాడు లాగాడు. రెండుసార్లు.

కొంప మునిగింది అక్కడే. మామూలు మనిషైతే దిగి బావ చెయ్యి పట్టుకునేవాడు. కనీసం వెనక్కి తిరిగేవాడు. కానీ మోగినవి రెండు బెల్లులు. డ్రైవరు చెయ్యి మోటారు మీట నొక్కేసింది, పడవ కదిలిపోయింది. పాతిక గజాలు పోయాక గానీ బుర్ర వచ్చి చేతిని అందుకోలేదు. తిరిగి చూసేసరికి రేవులో బావ లేడు.

ఇప్పుడు వెంటపడితే ఇంకా మండిపోతాడు, నాలుగు మంచి చేపలు పట్టుకెళితే చల్లబడతాడు అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు డ్రైవరు. పడవ నడుపుతూ తెర చూశాడు. ఒక బీపు వచ్చింది, పడవ ఆపాడు. గాలానికి ఎర గుచ్చుతుండగా రెండు బీపులు వచ్చాయి. అంటే సరిగ్గా కిందనే గుంపు ఉందన్నమాట. డ్రైవరు గాలం పక్కన పడేసి పడవ కదిలించాడు. మళ్ళీ ఒక బీపు, ఆగాడు. మళ్ళీ రెండు, బయలుదేరాడు. ఇలా గంటన్నరపాటు రిజర్వాయరులో ఎక్కడెక్కడ చేపల గుంపులున్నాయో అక్కడక్కణ్ణించల్లా ఎంతో శ్రద్ధగా పారిపోయాడు. తను చేస్తున్న నిర్వాకమేమిటో తెలిశాక, ఈసారి కదిలితే ఒట్టు అని చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. రెండు బీపులు వచ్చాయి. కాసేపు ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేక ఒక చెయ్యి బయటికి తీశాడు. గట్టు మీది ముసలాయన ఒకాయన, "ఇవాళ ఎక్స్‌ప్రెస్సా, ఎక్కడా ఆగడం లేదు?" అని కేకేశాడు.

ఖాళీ బుట్టతో ఇంటికొచ్చేసరికి భార్య బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఎదురుగా పడవ గొలుసు తాళంచెవి. బావ దగ్గర ఉండేది.

"మా అన్నయ్య ఇచ్చి వెళ్ళాడు. తన సగం కూడా మిమ్మల్నే ఉంచుకోమన్నాడు. ఇక రాడట."

"నేను కావాలని చేయలేదే."

"బెల్లు కొట్టగానే వెళ్ళిపోయాడమ్మా, ఒక్కసారి వెనక్కి చూడలేదు అన్నాడు. బస్సు దింపేసినప్పుడూ ఇంతే అన్నాడు. పదేళ్ళకు నోరు తెరిచి ఆ మాట అన్నాడండీ, నా ముందు కళ్ళు తుడుచుకున్నాడు." ఆవిడ తాళంచెవి ఆయన వైపు జరిపింది. "ఇందులో నేను చెప్పేదేం లేదు. మీరే వెళ్ళి మాట్లాడాలి."

డ్రైవరు ఆ పూట కంచం పక్కకు జరిపేశాడు. పదేళ్ళు ఆ మాట కడుపులో పెట్టుకుని తన వెనకే కూర్చున్నాడా మనిషి! ఫోను చేశాడు, తీయలేదు. మళ్ళీ చేశాడు, మళ్ళీ తీయలేదు. మరుసటి ఆదివారం చేపల టీవీ ఇంట్లోనే వదిలేసి, రేవులో కట్టేసిన పడవలో ఎనిమిదింటిదాకా కూర్చున్నాడు. వెనక సీటు ఖాళీగానే ఉంది. చేపలు పోతే పోయాయి, మనిషి పోతే ఎక్కడ దొరుకుతాడు? ఆయన చేతికి అందేంత దూరంలో ఉన్న బంధువు, స్నేహితుడు, తోటి ఉద్యోగి అన్నీ కలిపి ఆ ఒక్కడే. లేచి, తాళంచెవి జేబులో వేసుకుని, అటునుంచి అటే బావ ఇంటికి నడిచాడు.

కండక్టరుది రెండో అంతస్తులో రెండు గదుల వాటా. ముందు గదిలో కిటికీ పక్కన బల్ల, బల్లనిండా గొడుగు పుల్లలు, దారం, చిన్న పట్టుకారు. ఆ సామాన్ల గదిలో ఆరేళ్ళు కూర్చుని విరిగిన గొడుగులు బాగుచేయడం నేర్చుకున్నాడు. ఇప్పుడు వానాకాలం వస్తే వీధిలో గొడుగులన్నీ ఆయన బల్లమీదికే వస్తాయి. బావకు కుర్చీ చూపించాడు గానీ తల ఎత్తలేదు. డ్రైవరు తాళంచెవి తీసి పుల్లల మధ్య పెట్టాడు.

"నాకెందుకది" అన్నాడు కండక్టరు. "లోతు చెప్పే మిషనుందిగా నీకు."

"ఏడు బారలకు నువ్వు నాలుగన్నావు బావా. నేను విన్నాను."

పట్టుకారు ఆగింది. "విని, నాకు చెప్పకుండా వెళ్ళి మిషను కొన్నావు."

"నీ మొహం మీద చెప్పలేక."

"మొహం మీద నువ్వెప్పుడేం చెప్పావు గనక? వారం రోజులు ట్రైనింగుకి వెళ్ళావు. ఆ వారమంతా నా పక్కన కూర్చుని టీ తాగావు. నేను నోటీసు బోర్డు చూసి తెలుసుకున్నాను, స్వీపరుతో పాటు నిలబడి. మిషను వచ్చినందుకు కాదు బావా నా బాధ. మిషన్లు వస్తాయి, ఎవడాపుతాడు? నువ్వు చెప్పలేదు. అదీ నాకు."

దారిపొడుగునా డ్రైవరు సంజాయిషీలు కూడబలుక్కుంటూ వచ్చాడు. ఇప్పుడు అందులో ఒక్కటీ గుర్తురాలేదు.

"తప్పు చేశాను" అన్నాడు. "అప్పుడూ చేశాను, ఇప్పుడూ చేశాను. నువ్వు దిగిపోయాక ఆ ఆరేళ్ళలో నాకు పదకొండు మెమోలు వచ్చాయి, తెలుసా?"

కండక్టరు తల ఎత్తాడు. "నీకు మెమోలా? దేనికి?"

"లేటుకి. అందరూ ఎక్కేవాళ్ళు, తలుపు మూసేవాణ్ణి, అయినా బండి కదిలించలేకపోయేవాణ్ణి. నువ్వు బెల్లు కొట్టాలిగా. నువ్వు లేవని తెలుసు. తెలిసినా ప్రతి స్టాపులో కాసేపు ఎదురుచూసేవాణ్ణి. వెనకనుంచి ఎవరో ఒకరు, నిద్రపోయావేమయ్యా అంటే అప్పుడు కదిలేవాణ్ణి. అలా ట్రిప్పుకి నాలుగు నిమిషాలు పోయేవి. ఆఫీసులో అడిగితే ట్రాఫిక్కు అని రాసిచ్చాను. బెల్లు కోసమని ఎలా రాస్తాను? మొన్న కూడా నేను నిన్ను వదిలేసి పోలేదు బావా. నువ్వు రెండు కొట్టావు. నువ్వు కొడితే కదలకుండా ఉండటం నాకు చేతకాదు. ఆ డబ్బా కొడితేనే ఆగలేకపోయాను." అని, చేపల గుంపులనుంచి తను పారిపోయిన వైనం కూడా చెప్పాడు.

కండక్టరు నవ్వకూడదని చాలా ప్రయత్నించాడు. పెదవులు బిగించాడు, గొడుగు వైపు చూశాడు, దగ్గాడు. ఆఖరికి బల్లమీద తల పెట్టుకుని, పుల్లలు కింద రాలేలా నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "పదకొండా?" అని అడిగాడు.

"పదకొండు."

ఆయన కింద రాలిన పుల్లలు ఏరి బల్లమీద పెట్టాడు. తరవాత తాళంచెవి తీసుకుని జేబులో వేసుకున్నాడు. "ఆదివారం అయిదున్నరకు. ఆ డబ్బా కూడా పట్టుకురా, అదేం వాగుతుందో చూద్దాం."

ఆ ఆదివారం చేపల టీవీ వెనక సీటు పక్కకు మారింది. మొదట కండక్టరు దాని బీపులు ఆపేశాడు. ఈ పడవలో బెల్లు ఒకరే కొట్టాలన్నాడు. తరవాత అరగంటసేపు ఆ తెరను కొత్తగా బస్సెక్కినవాణ్ణి చూసినట్టు చూశాడు. తెరనిండా చేప బొమ్మలు ఈదుతున్నాయి. డ్రైవరు ఆగుదామా అంటే వద్దన్నాడు.

"ఇవన్నీ చేపలు కావు బావా. మధ్యలో ఏది అడ్డొచ్చినా ఇది చేప బొమ్మ వేసేస్తోంది. ఆకు వచ్చినా చేపే, బుడగ వచ్చినా చేపే. బస్సులో ఉన్న ప్రతివాడికీ టికెట్టుందని నమ్మే రకం" అన్నాడు. పెట్టెలో వచ్చిన పుస్తకం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివి, ఆ బొమ్మలు తీసేసి ఉత్త గీతలు పెట్టుకున్నాడు. ఇంకో అరగంటకు ఆయనకు విషయం పట్టుబడింది. వంపు తిరిగి నిండుగా ఉన్న గీత చేప, చుక్కలు చుక్కలుగా చెదిరింది చెత్త. అడుగు మందంగా కనిపిస్తే గట్టి నేల, పలచగా కనిపిస్తే బురద. తెర అంకె చూపిన ప్రతిచోటా తన తాడు కూడా వదిలి చూశాడు. రెండూ ఒకటే చెబితేనే నోటుపుస్తకంలోకి ఎక్కించాడు.

పాత రాతి మెట్టు చోటికి వచ్చాక ఒక బెల్లు కొట్టి, గట్టుదాకా వినపడేలా చెప్పాడు. "ఏడు బారలు. మెట్టు పోయింది. ఇక్కడ స్టాపు ఎత్తేశాం."

డ్రైవరుకు ఎందుకో చేప పడ్డదానికంటే ఎక్కువ సంతోషం కలిగింది.

చేప కూడా పడింది. కొత్తగా తవ్విన గుంట అంచున కండక్టరు పడవ ఆపించి, గాలం ఇంకో బార దింపమన్నాడు. పావుగంటలో డ్రైవరు గాలం బెండు బుడుంగున మునిగింది. చేతికి చిక్కింది మూరెడు జెల్ల, మీసాలతో సహా. గట్టు మీద ముసలి బృందం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఇద్దరూ దాన్ని బుట్టలో వేసి, ఎవరింటికి వెళ్ళాలో వాదించుకుని, ఇద్దరి ఇళ్ళకూ చెరిసగమని తేల్చుకున్నారు.

తరవాత కండక్టరు ఫ్లాస్కు మూత తీసి టీ పోశాడు. పోస్తూ, పోస్తూ, వీపుతో మాట్లాడుతున్నట్టే మాట్లాడాడు.

"ఆ సామాన్ల గది కిటికీ డిపో గేటు వైపు ఉండేది బావా. నీ బండి సాయంత్రం నాలుగూ పదికి లోపలికి రావాలి. రోజూ నాలుగూ పధ్నాలుగుకి వచ్చేది. నేను కిటికీ దగ్గర నిలబడి చూసేవాణ్ణి, ఆరేళ్ళూ ఒక్కరోజు తప్పలేదు. నేను దిగిపోయాక వీడికి హాయిగా ఉంది, తీరిగ్గా నడుపుకుంటూ వస్తున్నాడు అని తిట్టుకునేవాణ్ణి."

కండక్టరు ఫ్లాస్కు పక్కన పెట్టాడు.

"ఆ నాలుగు నిమిషాలూ నాకోసమని అప్పుడే తెలిసుంటే, ఆ గొడుగుల మధ్య అంత ఒంటరిగా కూర్చునేవాణ్ణి కాదు."

డ్రైవరు స్టీరింగు వదిలేసి, కాళ్ళు సీటు ఇవతలికి తెచ్చుకుని, బావకు ఎదురుగా తిరిగి కూర్చున్నాడు. చెయ్యి చాచి టీ అందుకున్నాడు. పడవ దానిష్టం వచ్చినట్టు కొట్టుకుపోతూ ఉంది. చేపల టీవీ పని చేస్తూనే ఉంది, తెరమీద నిండు గీతలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. వాటిని ఎవరూ చూడలేదు.